శ్రోతల మన్నన – జాన్ రీత్

సభలో పాడు గాయకునకు సభాసదుల కరతాళధ్వనులు వినవచ్చును. రంగస్థలముపై నటించువానికి ప్రేక్షకుల ముఖములు కనబడును. కాని రేడియోలో మాటలాడువానికి శ్రోతలు కనబడరు. వారి నవ్వుగాని నిట్టూర్పుగాని వినబడదు. ఎక్కడనో ఒక మారుమూల పల్లెలో, దీపము ప్రక్కను కూర్చున్న వృద్ధురాలు తన మాట విని సంతోషించినదో, విసుగుచెంది రేడియో కట్టివేసినదో అతడెరుగడు. కంటికి కానరాని యీ శ్రోతను ఎట్లు గౌరవింపవలెను? అతని మన్ననను ఎట్లు సంపాదింపవలెను? రేడియో పుట్టిన తొలినాళ్లలోనే ఈ ప్రశ్నలను ఎదుర్కొని, ఇంచుమించు 16 సంవత్సరములు వాటితో పెనగులాడినవాడు, బ్రిటిషు రేడియో సంస్థయైన బి.బి.సి.కి మొదటి అధిపతి జాన్ రీత్.

రీత్ 1889వ సంవత్సరము జూలై 20వ తేదీన స్కాట్లండులోని స్టోన్‌హేవెన్ అను సముద్రతీరపు పట్టణమున జన్మించెను. ఏడుగురు సంతానములో అతడు కడపటివాడు. తండ్రి గ్లాస్గో నగరములో క్రైస్తవ మతాచార్యుడు. ఆ యింట దైవభక్తియు కఠినమైన క్రమశిక్షణయు నెలకొనియుండెను. విశ్వవిద్యాలయములో చదువవలెనని రీత్‌కు గాఢమైన కోరిక ఉండెను. తండ్రి అందుకు సమ్మతింపక, రైలు ఇంజనులు నిర్మించు కర్మాగారములో పని నేర్చుకొనుటకై అతనిని చేర్పించెను. చదువు తనకు అందకపోయెనన్న బాధ రీత్‌ను జీవితాంతము వీడలేదు. విద్య కొలదిమంది సొత్తుగా ఉండరాదని దరిమిలా అతడు పట్టిన పట్టుదలకు ఈ బాధయే కొంత మూలమై యుండవచ్చును.

మొదటి ప్రపంచ యుద్ధము రాగా రీత్ సైన్యములో చేరెను. 1915వ సంవత్సరము అక్టోబరులో ఫ్రాన్సు రణరంగమున శత్రువు కాల్చిన గుండు అతని ఎడమచెంపను చీల్చుకొనిపోయెను. ప్రాణము దక్కినదిగాని ఆ మచ్చ మాత్రము ఎన్నటికిని మాయలేదు. ఆరున్నర అడుగుల యెత్తు, కనుబొమల క్రింద తీక్ష్ణమైన చూపు, చెంపపై ఆ గాయపు మచ్చ – అతనిని చూచినవారికి భయమును గౌరవమును ఏకకాలమున కలుగుచుండెను. యుద్ధానంతరము అతడు కొంతకాలము స్కాట్లండులో ఒక కర్మాగారమును నిర్వహించి, 1922వ సంవత్సరమున వేరు ఉద్యోగము వెదకుకొనుచు లండను నగరమునకు వచ్చెను.

ఆ యేటి అక్టోబరులో ఒక వార్తాపత్రికలో చిన్న ప్రకటన అతని కంటబడెను. క్రొత్తగా ఏర్పడుచున్న బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీకి మేనేజరు కావలెనని దాని సారాంశము. రీత్ వెంటనే దరఖాస్తు వ్రాసి, ఆ కంపెనీ పెద్దలలో ఒకరైన సర్ విలియం నోబుల్ పేరిట తన క్లబ్బులోని తపాలాపెట్టెలో వేసెను. తరువాత ఒక గ్రంథము తిరగవేయగా నోబుల్ స్కాట్లండులోని అబర్డీను ప్రాంతమువాడని తెలిసెను. రీత్ వంశీకులును ఆ ప్రాంతమువారే. అతడు క్లబ్బువారిని అడిగి ఉత్తరము వెనుకకు తీసికొని, ఆ సంగతి చేర్చి తిరిగి వ్రాసి పంపెను! డిసెంబరులో ఉద్యోగము లభించెను. అయితే బ్రాడ్‌కాస్టింగ్ అనగా ఏమో అప్పటికి తనకు తెలియనే తెలియదని అతడు పిమ్మట దాచక చెప్పుకొనెను.

రేడియో యంత్రములు తయారుచేయు వర్తకులు కలసి ఆ కంపెనీని స్థాపించిరి. గాలిలో పాటయు మాటయు వినిపించినగాని జనులు యంత్రములు కొనరు గదా! రీత్ చేరునాటికి కంపెనీలో ఉద్యోగులు నలుగురే. దేశమంతటను లైసెన్సు పొందిన శ్రోతల సంఖ్య ఇంచుమించు 36 వేలు. ఒక్కొక్కరు ఏటికి 10 షిల్లింగులు ప్రభుత్వమునకు చెల్లించుచుండిరి. అందులో సగము కంపెనీకి చేరుచుండెను. ఈ పది షిల్లింగులలో ఒక గొప్ప విశేషము కలదని రీత్ గ్రహించెను. ధనము వర్తక ప్రకటనలనుండి రాక, శ్రోత చేతినుండియే వచ్చుచున్నది. కావున రేడియో శ్రోతకే ఋణపడియున్నది. సమాచారము, విద్య, వినోదము – ఈ మూడింటిని శ్రేష్ఠమైన రూపములో ప్రతి యింటికిని చేర్చుట తన ధర్మమని అతడు నిశ్చయించుకొనెను. నాటకశాలలో ధనికునకు ముందువరుస, పేదకు వెనుకవరుస. రేడియోలో వరుసలు లేవు. ప్రభువు వినిన సంగీతమునే గొర్రెలకాపరియు వినగలడు.

ఆ దినములలో వార్తాపత్రికలవారు రేడియోను చూచి బెదరిరి. రేడియో కార్యక్రమముల పట్టికలను ప్రచురించుటకు తమకు సొమ్ము చెల్లింపవలెనని అడిగిరి. అప్పుడు రీత్ శ్రోతలకై స్వంతముగా ఒక పత్రికను నెలకొల్పుటకు పూనుకొనెను. అదియే 1923 సెప్టెంబరు 28వ తేదీన వెలువడిన ‘రేడియో టైమ్స్’. ఏ దినమున ఏ పాట, ఎవరి ఉపన్యాసము అని ముందుగా తెలిసికొనుటకు శ్రోతలకు వీలు కలిగెను. వారు వ్రాసిన జాబులును అందు అచ్చగుచుండెను.

1924వ సంవత్సరము మే నెలలో ఒక చిత్రమైన సంఘటన జరిగెను. బియాట్రిస్ హారిసన్ అను ప్రసిద్ధ విద్వాంసురాలు రాత్రివేళ తన తోటలో చెల్లో అను తంత్రీవాద్యమును వాయించుచుండగా నైటింగేల్ పిట్టలు గొంతు కలుపుచుండెడివి. ఆ గానమును దేశమునకు వినిపింపుడని ఆమె రీత్‌ను కోరెను. అతడు మొదట వెనుకాడెను. ఖర్చు హెచ్చు, పైగా పిట్ట ఆ రాత్రి కూయునను పూచీ ఎవరిది? కడకు అంగీకరించెను. మే 19వ తేదీ రాత్రి యంత్రపరికరములన్నియు ఆ తోటకు చేరెను. చాలసేపు నిశ్శబ్దము. పిదప వాద్యనాదముతో పాటు కూత వినవచ్చెను. నగరముల ఇరుకు ఇండ్లలో ఎన్నడును పిట్టపాట యెరుగనివారు చెవులప్పగించి వినిరి. తరువాత వేలకొలది జాబులు వచ్చిపడెను. ఆ కూత నిజముగా పిట్టదేనా, పిట్టవలె కూయ నేర్చిన యొక కళాకారిణిదా అను సందేహమును ఇటీవల కొందరు వెలిబుచ్చిరి. అది యెట్లున్నను శ్రోతల ఆనందము మాత్రము నిజమైనది. మంచిదానిని అందించినచో సామాన్యజనులు ఆదరింతురన్న రీత్ నమ్మకము ఆ రాత్రితో దృఢపడెను.

రేడియో ఎవరికి ఎంత అవసరమో దినదినమునకు తెలియవచ్చెను. చూపులేనివారికి అది లోకమును ఇంటికి తెచ్చిన నేస్తమయ్యెను. 1926వ సంవత్సరపు చట్టము అంధులకు లైసెన్సు రుసుము లేకుండ చేసెను. కొలదికాలమునకే వారికి రేడియోలు సమకూర్చుటకై ఒక నిధి ఏర్పడెను. 1929వ సంవత్సరము క్రిస్మసునాడు ఆ నిధికై రేడియోలోనే విజ్ఞప్తి వినిపింపబడెను.

1926వ సంవత్సరము మే నెలలో రీత్‌కు అగ్నిపరీక్ష వచ్చెను. బొగ్గుగని కార్మికులకు బాసటగా దేశమంతట సార్వత్రిక సమ్మె సాగెను. రైళ్లు నిలిచెను. అచ్చుపని చేయువారును సమ్మెలో చేరుటచే వార్తాపత్రికలు చాలవరకు ఆగిపోయెను. ఏమి జరుగుచున్నదో తెలియక తల్లడిల్లు ప్రజలకు రేడియోయే దిక్కయ్యెను. దినమునకు ఐదు పర్యాయములు వార్తలు వెలువడుచుండెను. రేడియోను ప్రభుత్వము స్వాధీనపరచుకొనవలెనని మంత్రియగు చర్చిల్ పట్టుబట్టెను. అట్లు చేసినచో శ్రోతల విశ్వాసము నశించుననియు, ఒకసారి నశించిన విశ్వాసము తిరిగి రాదనియు రీత్ వాదించెను. ప్రధానమంత్రి బాల్డ్విన్ స్వాధీనపరచుకొనుటకు పూనుకొనలేదు.

కాని రీత్ ఈ పరీక్షలో పూర్తిగా నెగ్గెనని చెప్పుటకు వీలులేదు. కార్మికసంఘముల ప్రకటనలును వార్తలలో చోటు పొందినమాట నిజమే. అయినను ప్రతిపక్షనాయకుడగు మాక్డొనాల్డ్‌కు రేడియోలో మాటలాడు అవకాశము లభింపలేదు. ఇరుపక్షములను రాజీపడుడని కోరుచు ప్రధాన మతాచార్యుడు సిద్ధపరచిన సందేశము సైతము కొన్నిదినములు నిలిచిపోయెను. సంస్థను కాపాడుకొనుటకై రీత్ ప్రభుత్వమునకు కొంత తలయొగ్గెను. కార్మికులలో పలువురు దీనిని మరువలేదు. మే 12వ తేదీ మధ్యాహ్నము రీత్ స్వయముగా వార్తలు చదువుచుండగా సమ్మె ముగిసినదన్న కబురు వచ్చెను. ఆ సంగతిని దేశమునకు అతని కంఠమే తెలియజేసెను.

1927వ సంవత్సరము జనవరి 1వ తేదీన వర్తకుల కంపెనీ పోయి, రాజశాసనముచే ఏర్పడిన ప్రజాసంస్థ దాని స్థానమున వచ్చెను. రీత్ దానికి డైరెక్టరు జనరలయ్యెను. ‘సర్’ బిరుదము లభించెను. రాత్రివేళ ప్రకటనలు చదువువారు విందుకు పోవువారివలె చక్కని దుస్తులు ధరింపవలెనని ఆ సంస్థలో నియమముండెను. చూచువారు లేనిచోట ఆ దుస్తులెందుకని నవ్వినవారు కలరు. పరుల యింటికి అతిథిగా పోవువాడు ఎట్లు మర్యాద పాటించునో, కంఠమాత్రముతో ఇంటింట ప్రవేశించువాడును అట్లే పాటింపవలెనను భావము అందు కలదు.

అయితే అతిథి యెంత మర్యాదస్థుడైనను ఇంటివారి మాట కూడ వినవలెను గదా! ఇచ్చట రీత్ కొంత తప్పటడుగు వేసెను. శ్రోతలకు ఏది మేలో తానెరుగుదునని అతని దృఢవిశ్వాసము. ఆదివారము పవిత్రదినమని తలచి, ఆనాడు ప్రార్థనలు, గంభీరమైన సంగీతము, ఉపన్యాసములు మాత్రమే వినిపించెడివాడు. వారమంతయు గనులలో, మిల్లులలో శ్రమించిన జనులు ఆ ఒక్క విశ్రాంతిదినమున కొంచెము నవ్వుకొనవలెనని ఆశించిరి. వారు మెల్లగా మీట త్రిప్పి, ఫ్రాన్సులోని నార్మండీనుండియు, లక్సెంబర్గునుండియు వచ్చు వర్తక ప్రసారములలోని తేలికపాటలను వినసాగిరి. జాబు వ్రాసి మెచ్చుకొనుట శ్రోత మన్నన యగునెడల, మీట త్రిప్పుట అతని తీర్పు. ఆ తీర్పునకు నోరులేదుగాని బలము కలదు.

కడకు 1936వ సంవత్సరమున శ్రోతల అభిరుచులను శాస్త్రీయముగా తెలిసికొనుటకై సంస్థలో ఒక శాఖ ఆరంభమయ్యెను. రాబర్ట్ సిల్వీ అను నతడు దానిని నడపెను. జాబులు వ్రాయువారు కొందరే. వ్రాయనివారి మనస్సును తెలిసికొనుట ఎట్లు? ఏ కార్యక్రమమును వినిరో గుర్తుంచుకొని తెలుపుటకు స్వచ్ఛందముగా రండని మరుసటి యేడు రేడియోలో ప్రకటింపగా, కోరిన సంఖ్యకు అనేకరెట్లు జనులు ముందుకు వచ్చిరి. తమ్ము అడుగువారుండిన చెప్పుటకు శ్రోతలు ఎంత ఆత్రపడుచుండిరో దీనివలన తేటపడినది.

రీత్ దృష్టి మనదేశముపైకిని ప్రసరించెను. అతని సంస్థలోని లయొనెల్ ఫీల్డెన్ 1935వ సంవత్సరమున భారతదేశమునకు వచ్చి ఇచ్చటి రేడియోకు అధిపతి యయ్యెను. మరుసటి యేడు ఆ సంస్థకు ఆలిండియా రేడియో అను పేరు వచ్చెను. 1938 జూన్ 16వ తేదీన మద్రాసు కేంద్రము ప్రారంభము కాగా తెలుగు మాటయు పాటయు ఆ కేంద్రమునుండి వినవచ్చెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసెను. తెలుగు పల్లెలలోని శ్రోతలును పోస్టుకార్డులపై తమ మెప్పును, కోర్కెలను వ్రాసి పంపుట నేర్చిరి.

మద్రాసు కేంద్రము ఆరంభమైన రెండు వారములకే, జూన్ 30వ తేదీన రీత్ బి.బి.సి.ని విడిచెను. ఆ రాత్రి అతడు డ్రాయిట్విచ్‌లోని ప్రసారయంత్రశాలకు పోయి, కార్యక్రమములు ముగిసినపిమ్మట యంత్రములను స్వయముగా ఆపెను. నలుగురితో మొదలైన సంస్థ అప్పటికి వేలమంది పనిచేయు సంస్థయై, లైసెన్సుల సంఖ్య 80 లక్షలు దాటియుండెను. తరువాత అతడు విమానసంస్థకు అధ్యక్షుడయ్యెను, మంత్రి అయ్యెను, ప్రభువుల సభలో స్థానము పొందెను. కాని మునుపటి తృప్తి మరెందును లభింపలేదు. 1971వ సంవత్సరము జూన్ 16వ తేదీన ఎడింబరో నగరమున అతడు మరణించెను. అతని పేర 1948వ సంవత్సరమున ఆరంభమైన రేడియో ఉపన్యాసములు అతని స్మృతిని నిలుపుచున్నవి.

రీత్ కోపిష్ఠి, అహంభావి, పొరపాట్లు చేసినవాడు. అయినను శ్రోతను సరుకు కొనువానిగా గాక, ఉత్తమమైనదానిని పొందుటకు అర్హుడైన మనుష్యునిగా భావించెను. ఇది అతని ఘనత. శ్రోతను గౌరవించుట యనగా అతనికి మంచిని చెప్పుట మాత్రమే కాదు, అతడు చెప్పుదానిని వినుట కూడ అని అతని పొరపాట్లు మనకు బోధించుచున్నవి. మాటలాడు చోటికిని వినువారికిని నడుమ ఈ రెండును ఉన్ననాడే మన్నన నిలుచును.