క్రెమోనా ఫిడేలు శిల్పి

మన సంగీత సభలలో గాయకుని ప్రక్కన ఫిడేలు లేనిదే కచేరీకి నిండుతనం రాదు. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు ఈ పాశ్చాత్య వాద్యాన్ని అభ్యసించి కర్ణాటక సంగీతానికి అలవరచిన నాటినుండి అది మనదే అయింది. ఐతే దానికి సాటిలేని రూపం దిద్దిన అంతోనియో స్ట్రాడివారి జీవితం మనలో పెక్కుమందికి తెలియదు.

16వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఫిడేలు అవతరించింది. క్రెమోనా పట్టణంలో ఆండ్రియా అమాతి దాని తీరుతెన్నులు స్థిరపరిచాడు. ఆ ఊరిలోనే స్ట్రాడివారి తన వృత్తిని సాగించాడు. ఆయన సుమారు 1644లో జన్మించాడని పెద్దల అంచనా. 1667లో వివాహమాడి, 1680లో సొంత ఇల్లు కొనుక్కుని, అక్కడే కడదాకా ఉలి పట్టాడు.

ఫిడేలు పైపలకకు తేలికైన స్ప్రూస్ కర్ర, వెనుక పలకకు, ప్రక్కలకు గట్టిదైన మేపుల్ కర్ర వాడతారు. పలకలను అంచులకంటె నడుమ ఉబ్బెత్తుగా ఉండేలా చెక్కుతారు. లోపల రెండు పలకలకు నడుమ చిన్న కర్రపుల్ల ఒకటి నిలబెడతారు. తీగల కదలికను వెనుక పలకకు అందించేది అదే. ఇటలీవారు దానిని ఆత్మ అని పిలుస్తారు. స్ట్రాడివారి ఈ కొలతలతో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. 1690 ప్రాంతంలో పొడవైన ఫిడేళ్లు చేసి చూచి, తృప్తి చెందక మరల మార్చాడు. 1700 తరువాత ఇరవై ఏళ్లకు పైగా చేసినవే ఆయన ఉత్తమ కృతులు. అప్పటికి ఆయనకు 55 ఏళ్లు దాటాయి! మొత్తం చేసిన వాద్యాలు వెయ్యికి పైగా ఉంటాయనీ, సుమారు 650 నేటికీ నిలిచి ఉన్నాయనీ అంచనా.

1737 డిసెంబరు 18న, తొంభై ఏళ్లు దాటిన వయసులో, ఆయన కన్నుమూశాడు. తండ్రితో పనిచేసిన కుమారులు ఒమోబోనో 1742లో, ఫ్రాన్సెస్కో 1743లో గతించారు. మరొక కుమారుడు పావోలో బట్టల వ్యాపారి. తండ్రి పరికరాలూ అచ్చులూ పరుల చేతికి పోయాయి. ఆ ఇంటి విద్య ఆ ఇంట ఆగిపోయింది.

వాద్యం మాత్రం ఆగలేదు. 1800 ప్రాంతంలో పెద్ద సభలకు తగినట్లు పాత ఫిడేళ్ల మెడలు పొడిగించి, వెనుకకు వంచారు. లోపలి ఆధారపు బద్దె మార్చారు. అసలు దేహం మాత్రం అదే.

ఆయన వార్నిషులో ఏదో రహస్యముందని చాలాకాలం అనుకున్నారు. 2009లో ప్రకటించిన రసాయన పరీక్షలలో తేలినది మామూలు నూనె, దేవదారు జాతి చెట్ల బంక, కొన్ని రంగులు మాత్రమే. 2010లో అమెరికాలో 21 మంది వాద్యకులు ఏది పాతదో, ఏది కొత్తదో తెలియకుండా వాయించి చూచినప్పుడు, పలువురు కొత్త ఫిడేళ్లనే మెచ్చుకున్నారు. దీనివల్ల ఆయన కీర్తికి లోటు లేదు. ఆయన సొత్తు మంత్రం కాదు, డెబ్బై ఏళ్ల శ్రద్ధ అని తెలుస్తున్నది.

పొరుగునేల చేరి, మెడ మార్చుకుని కూడా, తన నాదాన్ని నిలుపుకున్నది ఈ వాద్యం. స్వస్థలం విడిచి వచ్చిన మనకు ఇందులో ధైర్యముంది. ఇంటి విద్య పిల్లలకు అందకపోతే ఏమవుతుందో, ఆ శిల్పి ఇల్లే చెబుతున్నది. ఈ ఉగాదినాడు మన పిల్లలచేత నాలుగు తెలుగు మాటలు పలికిద్దాం, ఒక తెలుగు కీర్తన పాడిద్దాం.