జమాల్‌పూర్ వర్క్‌షాపులో మన లలిత

బీహార్‌లో ముంగేరు దగ్గర జమాల్‌పూర్ అని ఓ రైల్వే ఊరుంది. అక్కడి వర్క్‌షాపు 1862 నాటిది. 1899లోనే అందులో ఆవిరి ఇంజను తయారుచేశారంటే ఎంత పెద్దదో ఊహించుకోండి. కొలిమి సెగ, సుత్తి దెబ్బలు, లేతు మిషన్ల రొద, ఎటు చూసినా నూనె మరకలు, ఎటు చూసినా మగవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఓ తెలుగమ్మాయి అక్కడికి అప్రెంటిస్‌గా వెళ్లింది. పేరు అయ్యలసోమయాజుల లలిత. వయసు ఇరవై నాలుగు. భర్త లేడు. ఆరేళ్ల కూతురుంది.

ఇంజనీరింగ్‌లో పుస్తకాల చదువు ఒక ఎత్తు, వర్క్‌షాపు ఇంకో ఎత్తు. లలిత డిగ్రీ పూర్తవ్వాలంటే ఏడాదిపాటు పనిలో శిక్షణ పొంది తీరాలి. మార్కులు ఎన్నొచ్చినా అది తప్పదు. ఆడపిల్లవి కదా, నీకు మినహాయింపు ఇస్తాంలే అని ఎవరూ అనలేదు. అనకపోవడమే మంచిదయింది. ఆ ఏడాది వదిలేసి ఉంటే, ఆ తర్వాత ఎవరో ఒకరు ఆమె చదువుని ఎత్తిచూపి, కాగితం ఇంజనీరని తీసిపారేసేవారే!

ఇంతకీ ఈ పిల్ల అక్కడిదాకా ఎలా వెళ్లింది?

1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టింది లలిత. ఏడుగురు పిల్లల్లో ఐదోది. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆ ఇంట్లోనూ ఆనాటి పద్ధతే. మగపిల్లలు ఇంజనీర్లయ్యారు, ఆడపిల్లలకు ఏదో కాస్త చదువు చెప్పించి పెళ్లిళ్లు చేశారు. లలితకు పదిహేనో ఏట పెళ్లయింది. అయితే తండ్రి పట్టుబట్టడంతో పెళ్లయ్యాక కూడా పదో తరగతి వరకూ చదివింది. ఆ కాలానికి అదే గొప్ప.

1937లో భర్త పోయాడు. ఆమెకి పద్దెనిమిదేళ్లు. ఒళ్లో నాలుగు నెలల పాప. అత్తగారు అప్పటికే ఎందరో పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి. ఈ కొడుకు పదహారోవాడట. ఆ కడుపుకోతంతా కోడలి మీద కోపంగా మారింది. ఆ రోజుల్లో వితంతువుకి గుండు గీయించడం, వంటింటి మూలన కూర్చోబెట్టడం మామూలు సంగతి. మన అమ్మమ్మల, నానమ్మల నోట అలాంటి కథలు ఎన్ని వినలేదు! సుబ్బారావు గారు కూతుర్ని ఆ బతుక్కి వదల్లేదు. పుట్టింటికి తెచ్చుకున్నారు. లలిత క్వీన్ మేరీస్ కాలేజీలో చేరి ఇంటర్మీడియట్ ఫస్టు క్లాసులో ప్యాసయింది.

తర్వాత ఏం చదవాలి? ఆడవాళ్లకి అప్పట్లో గౌరవమైన పెద్ద చదువంటే డాక్టరీయే. లలిత దాన్ని వద్దనుకుంది. డాక్టరుకి వేళాపాళా ఉండదు. అర్ధరాత్రి పిలుపొస్తే నిద్రపోతున్న పసిదాన్ని వదిలేసి పరిగెత్తాలి. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చే ఉద్యోగం కావాలి ఆమెకి. తండ్రీ, అన్నదమ్ములూ ఇంజనీర్లు కాబట్టి ఆ పని ఎలా ఉంటుందో ఇంట్లోనే చూసింది. అలా ఇంజనీరింగ్ వైపు మొగ్గింది. చరిత్ర సృష్టిద్దామని కాదు, పాప కోసం. నాకు ఈమె కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

కానీ గిండీ కాలేజీలో అప్పటిదాకా ఆడపిల్ల అడుగుపెట్టలేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడారు. విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్ ఒప్పుకున్నారు. 1940లో లలిత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరింది. వందలమంది మగపిల్లల మధ్య ఒక్కతే. వాళ్లు ఆమెని ఏమీ ఇబ్బంది పెట్టలేదట. ఇబ్బందల్లా సాయంత్రం హాస్టల్‌కి వెళ్లాకే. ఆమెకోసం వేరే వసతి ఇచ్చారు గానీ, పలకరించే తోడేదీ? పాప బంధువుల ఇంట్లో. శని, ఆదివారాలు వస్తే తప్ప చూసుకోవడానికి లేదు. పిల్లని వదిలి ఒక్క పూట ఊరెళ్లినా మనసెలా పీకుతుందో తల్లులకు చెప్పక్కర్లేదు.

కూతురి ఒంటరితనం చూసి సుబ్బారావు గారు ఇంకో మంచి పని చేశారు. కాలేజీలో అమ్మాయిల్ని కూడా చేర్చుకుంటామని ప్రకటన ఇప్పించారు. దాంతో కేరళ నుంచి పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ వచ్చి సివిల్‌లో చేరారు. లలితకంటే వెనక చేరినా, యుద్ధం వల్ల కోర్సుని కుదించడంతో ముగ్గురూ ఒకేసారి బయటికొచ్చారు. ఆ త్రేసియాయే 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీర్ అయింది. ఒక తండ్రి తన బిడ్డకి తోడు వెతికితే ఎంత దూరం వెళ్లిందో చూడండి.

1943లో చదువు పూర్తయింది. ఇక మిగిలింది జమాల్‌పూర్. హౌరా దాక వెళ్లి, అక్కణ్ణుంచి మళ్లీ ఇంకో రైల్లో పోవాలి. భాష తెలియని చోటు. వారానికోసారి పాపని చూసుకునే వీలు కూడా ఇక లేదు. అప్రెంటిస్ అంటే ఆఫీసు గదిలో కూర్చోబెట్టే ఉద్యోగం కాదు. డ్రాయింగు కాగితం మీద గీత అక్కడ ఇనుములో ఎలా మారుతుందో చూడాలి. ఆకురాయి పట్టాలి, కొలతలు సరిచూడాలి, పాతికేళ్ల అనుభవమున్న మేస్త్రీల దగ్గర నిలబడి పని అడిగి నేర్చుకోవాలి. డిగ్రీ చదివిన వాళ్లకి మగవాళ్లయినా సరే, అక్కడ మొదట అహం కాస్త తగ్గాలి. అన్ని షెడ్ల మధ్య ఒక్క ఆడమనిషి అంటే ఎన్ని కళ్లు తన మీద పడి ఉంటాయో! లలిత ఏడాదీ పూర్తి చేసింది.

డిగ్రీ చేతికొచ్చినప్పుడో తమాషా. పట్టా ఫారాలు ముందే అచ్చేసి ఉన్నాయి. విద్యార్థి అంటే మగవాడేనన్నట్టు అందులో ‘అతడు’ అని ఉంది. ఆ మాట కొట్టేసి చేత్తో ‘ఆమె’ అని దిద్ది ఇచ్చారు. దేశంలోనే మొదటి మహిళా ఇంజనీరుగా లలితని ఇవాళ అందరూ చెప్పుకునేది ఆ దిద్దిన పట్టా తోనే.

మొదటి ఉద్యోగం సిమ్లాలో, కేంద్ర ప్రమాణాల సంస్థలో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా. అక్కడ సోదరుడి ఇల్లు ఉండడంతో పాప దగ్గరే ఉంది. 1946 చివర్లో ఆ ఉద్యోగం వదిలి తండ్రి పరిశోధనల్లో చేయి కలిపింది. ఆయన ఊరుకునే మనిషి కాదు. కరెంటుతో పనిచేసే సంగీత వాద్యం, పొగలేని పొయ్యి లాంటివి తయారుచేస్తుండేవారు. పొయ్యి ఊదీ ఊదీ కళ్లు పోగొట్టుకున్న ఇల్లాళ్లకు ఆ పొయ్యి విలువ వేరే చెప్పాలా? కానీ పరిశోధన ఇల్లు గడపదు. పట్టుమని ఏడాది కాకుండానే లలిత మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చింది.

1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరింది. అక్కడా సోదరుడి కుటుంబం ఉంది. తను ఆఫీసుకి వెళితే పాపని వదినామరదళ్ల వరసవాళ్లే చూసుకునేవారు. చూశారా, ఊరు మారినప్పుడల్లా ఆమె చూసుకున్నది ఒకటే, పాపని ఎవరి దగ్గర ఉంచాలి అని! కరెంటు లైన్ల డిజైను, సబ్‌స్టేషన్ల అమరిక ఆమె పని. భాక్రా నంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలోనూ ఆమె చేయి ఉంది. 1953లో లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఆమెని అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా తీసుకుంది.

1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. మన దేశంలో అప్పటికి అలాంటి సంఘమే లేదు కాబట్టి లలిత సొంత హోదాలోనే వెళ్లింది. తిరిగొచ్చాక పత్రికలు ఆమె గురించి రాశాయి. 1965లో లండన్ మహిళా ఇంజనీర్ల సొసైటీలో సభ్యత్వం వచ్చింది.

మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కలకత్తా కంపెనీలోనే దాదాపు ముప్ఫై ఏళ్లు పనిచేసి 1977లో రిటైరయింది. విశ్రాంతి మాత్రం ఎంతో కాలం దక్కలేదు. 1979 అక్టోబర్ 12న, అరవై ఏళ్ల వయసులో కన్నుమూసింది. అప్పటికి ఆ పాపకి నలభై రెండేళ్లు.