గుర్రం మీద ఇల్లిల్లూ తిరిగిన నర్సమ్మ

అది 1923వ సంవత్సరం, వేసవి కాలం. అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి తూర్పున ఉన్న కొండల్లో నలభై రెండేళ్ళ నర్సు ఒకరు గుర్రం మీద తిరుగుతున్నారు. అక్కడ రోడ్లు లేవు. వాగు పొడవునా నీళ్ళలో నడవడమే దారి. ఆమె వెతుకుతున్నది రోగులను కాదు, మంత్రసానులను. ఏ వాగు ఒడ్డున ఏ ముసలమ్మ కాన్పులు చేస్తుందో కనుక్కుని, ఆ ఇంటి ముందు గుర్రం దిగి, కూర్చుని మాట్లాడి, రాసుకుని, మళ్ళీ ఇంకో వాగు దారి పట్టేవారు. లెస్లీ, నాట్, ఔస్లీ అనే మూడు కౌంటీలలో పదమూడు గుర్రాలు, మూడు కంచర గాడిదలు మార్చి మార్చి ఎక్కి, దాదాపు 650 మైళ్ళు తిరిగారు. కౌంటీ అంటే మన జిల్లా వంటిదే, కాకపోతే బాగా చిన్నది.

ఆ నర్సు పేరు మేరీ బ్రెకిన్‌రిడ్జ్. పేదరికం చూసి పెరిగిన మనిషి కాదు. 1881 ఫిబ్రవరి 17న మెంఫిస్ నగరంలో పేరున్న కుటుంబంలో జన్మించారు. తాతగారు అమెరికా ఉపాధ్యక్షుడుగా పనిచేశారు. తండ్రి పార్లమెంటు సభ్యుడు, ఆ తరువాత రష్యాలో అమెరికా రాయబారి. స్విట్జర్లాండులో చదువుకున్న ఆ అమ్మాయి పెళ్ళి చేసుకుని ఇంటి పట్టున ఉంటే చాలునని పెద్దలు అనుకున్నారు. 1904లో పెళ్ళయింది. రెండేళ్ళకే భర్త మరణించాడు. అప్పుడామె న్యూయార్కులో నర్సు చదువు చదివి 1910లో పూర్తి చేశారు. తిరిగి వివాహమై ఇద్దరు బిడ్డలు కలిగారు. 1916లో నెలలు నిండక పుట్టిన ఆడబిడ్డ కొన్ని గంటలే బతికింది. ముద్దుగా బ్రెకీ అని పిలుచుకున్న కొడుకు నాలుగేళ్ళ వయసులో, 1918 జనవరిలో, జబ్బు చేసి పోయాడు. ఆ వివాహం కూడా 1920లో విడాకులతో ముగిసింది. నర్సు అయి ఉండి కూడా తన బిడ్డలను దక్కించుకోలేకపోయిన ఆ తల్లి, ఇక మిగిలిన జీవితమంతా ఇతరుల బిడ్డల కోసమే గడిపారు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్సుకు వెళ్ళారు. యుద్ధంలో నేలమట్టమైన ఊళ్ళలో చిన్నపిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఆహారం, వైద్యం అందించే పని. పిల్లలకు పాలు లేవని చూసి, స్వదేశంలోని స్నేహితులకు ఉత్తరాలు రాసి, డబ్బు తెప్పించి మేకలను కొనిపించారు. కాన్పు చేయడం తెలిసిన నర్సులను ఆమె చూసింది ఐరోపాలోనే. అమెరికాలో అప్పటికి నర్సు వేరు, మంత్రసాని వేరు. ఈ రెండు పనులూ ఒకే మనిషి నేర్చుకుంటే డాక్టరు లేని పల్లెల్లో ఎంత మేలు జరుగుతుందోనన్న ఆలోచన అక్కడే పుట్టింది.

అయితే ఆలోచన వచ్చిందని వెంటనే ఆసుపత్రికి పునాదిరాయి వేయలేదు. ముందు చూడాలి, అడగాలి, లెక్కపెట్టాలి అనుకున్నారు. అందుకే 1923లో ఆ గుర్రపు ప్రయాణం. ఆ వేసవిలో యాభైమందికి పైగా మంత్రసానులతో మాట్లాడారు. చాలామంది వయసు మళ్ళినవారు, అక్షరం రానివారు. కావాలని ఈ పనిలోకి వచ్చినవారు తక్కువ. పొరుగింటి ఆడమనిషి నొప్పులు పడుతుంటే చూస్తూ ఊరుకోలేక చేయి పెట్టినవారే ఎక్కువ. కొందరి ఇళ్ళు అద్దంలా ఉండేవి, కొందరి ఇళ్ళలో శుభ్రత అనే మాటే లేదు. మంచం కింద గొడ్డలి పెడితే నొప్పి తెగిపోతుందనే నమ్మకం ఆ కొండల్లో ఉండేది. మన పెద్దల తరంలో మంత్రసాని చేతుల్లో పుట్టనివారు ఎందరు? కాబట్టి నవ్వవలసిన పని లేదు. ఆ ముసలమ్మలే లేకపోతే ఆ తల్లులకు పక్కన నిలబడే మనిషే లేదు.

ఆ ప్రయాణం తరువాత కూడా ఆమె పని మొదలుపెట్టలేదు! తనకు కాన్పుల పని రాదు గనుక, ముందు అది నేర్చుకోవాలని లండనుకు వెళ్ళి, వూలిచ్‌లోని తల్లీబిడ్డల ఆసుపత్రిలో శిక్షణ పొందారు. 1924లో స్కాట్లాండు కొండల్లోను, దీవుల్లోను దూరదూరంగా విసిరేసినట్లున్న ఇళ్ళకు నర్సులు ఎలా చేరుతున్నారో స్వయంగా తిరిగి చూశారు. కెంటకీలో ఆమె ఏర్పాటు చేసిన పద్ధతికి మూలం ఇదే.

1925 మే 28న కెంటకీ తల్లీబిడ్డల సంఘం ఏర్పడింది. తొలి ఖర్చులకు తల్లి నుండి సంక్రమించిన డబ్బు కూడా పెట్టారు. లెస్లీ కౌంటీని ఎంచుకున్నారు. సుమారు పదివేలమంది జనం, ఒక్క డాక్టరు కూడా లేడు, రైలు లేదు, మోటారు వెళ్ళే రోడ్డు లేదు. సులభమైన చోట గెలిచి చూపించడం కంటే అన్నిటికన్నా కష్టమైన చోట చేసి చూపిస్తే, ఇక ఎక్కడైనా చేయవచ్చునని ఆమె లెక్క.

ఈసారి కూడా మొదటి పని లెక్కలే. పుట్టినవారినీ పోయినవారినీ నమోదు చేయాలని చట్టం 1911లోనే వచ్చినా, అంత మారుమూల కొండల్లో ఎవరు రాయిస్తారు? పుట్టి రెండు రోజుల్లో పోయిన పసిగుడ్డు ఏ పుస్తకంలోనూ ఎక్కదు. అందుకని స్కాట్లాండు నుండి బెర్ట్రామ్ ఐర్లండ్ అనే మహిళను పిలిపించి, కౌంటీలో ఇల్లిల్లూ తిరిగి జననాలు, మరణాలు రాయించారు. ఎంతమంది పుట్టారు, ఎంతమంది పోయారు అన్నది ముందు తెలియకపోతే, పదేళ్ళ తరువాత మనం చేసిన సేవ వల్ల మేలు జరిగిందో లేదో ఎలా చెప్పగలం? సేవా సంస్థలు ఎన్నో ఈ ప్రశ్న వేసుకోవు. ఎన్ని దుప్పట్లు పంచామో చెబుతాయి గాని, చలికి వణికేవారు ఎంతమంది ఉన్నారో, వారిలో ఎంతమందికి దుప్పటి అందిందో చెప్పవు.

అవసరాలు చూస్తే కొండంత ఉన్నాయి. డబ్బు, మనుషులు కొద్ది. తల్లులు, బిడ్డలు ముందు అని ఆమె నిర్ణయించుకున్నారు. కాని కాన్పుకు వెళ్ళిన నర్సు, అదే గదిలో టైఫాయిడ్‌తో పడి ఉన్న తాతను చూడనట్టు వచ్చేయగలదా? ఇంటిని విడదీసి తల్లి వరకే వైద్యం చేయడం కుదరదని త్వరలోనే తెలిసింది. నర్సులు ఇంటిల్లిపాదికీ సేవ చేశారు. టైఫాయిడ్‌కు, డిఫ్తీరియాకు టీకాలు వేశారు. పిల్లల కడుపులో పురుగులకు మందులిచ్చారు. 1925లో హైడెన్ ఊరిలో చిన్న క్లినిక్ తెరిచారు. తరువాత గుర్రం మీద చేరుకోగల దూరంలో ఒక్కొక్కటిగా నర్సుల కేంద్రాలు వెలిశాయి. ఆసుపత్రి భవనం వచ్చింది మూడేళ్ళ తరువాత, 1928 జూన్‌లో. దానిని ప్రారంభించడానికి స్కాట్లాండు నుండి సర్ లెస్లీ మెకంజీ వచ్చారు. ఆ ఏడాదే సంస్థ ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ అనే పేరు పెట్టుకుంది.

కాన్పుకు ఐదు డాలర్లు. డబ్బు లేనివారు గుర్రాలకు మేత ఇచ్చినా, కంచె కట్టి పెట్టినా సరే. ప్రతి కేంద్రానికీ ఆ చుట్టుపక్కలవారితోనే కమిటీ ఉండేది.

మెట్రోపాలిటన్ లైఫ్ అనే జీవిత బీమా సంస్థలో గణాంకాలు చూసే లూయీ డబ్లిన్ ఈ సంస్థ చేసిన మొదటి వెయ్యి కాన్పుల వివరాలను పరిశీలించారు. ప్రసవం కారణంగా చనిపోయిన తల్లి ఒక్కరూ లేరని తేలింది. పుస్తకాలు జాగ్రత్తగా రాసి ఉంచారు కాబట్టే ఈ మాట బయటివారికి చెప్పగలిగారు.

ఆమెలో లోపాలు లేవని అనలేము. నల్లజాతి నర్సులను తన సంస్థలో చేర్చుకోలేదు. తాను పుట్టిన అమెరికా దక్షిణాది రాష్ట్రాల వర్ణ దురభిమానాన్ని చివరిదాకా వదులుకోలేదు. ఆమె స్థాపించిన సంస్థ వారసులే తరువాతి కాలంలో ఈ విషయం గురించి బహిరంగంగా మాట్లాడవలసి వచ్చింది. అలాగే, ఇంటింటికీ వెళ్ళి ఆమె మాట్లాడిన ఆ ముసలి మంత్రసానుల స్థానం కొత్త నర్సులకు వెళ్ళిపోయింది. తల్లులు బతికారు, అది నిజం. ఆ ముసలమ్మల మాట మాత్రం ఆ తరువాత పెద్దగా వినిపించదు.

1931లో గుర్రం మీద నుండి పడి ఆమె వెన్నెముక విరిగింది. నడుముకు పట్టీ కట్టుకునే పని కొనసాగించారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో విరాళాలు తగ్గి నర్సుల జీతాలు కోసుకోవలసి వచ్చింది. 1939లో యుద్ధం రాగానే ఇంగ్లండు నుండి వచ్చిన నర్సులు చాలామంది తమ దేశానికి వెళ్ళిపోయారు. ఉన్నవారు సరిపోక ఆ ఏడాది నవంబరులో హైడెన్‌లోనే మంత్రసాని విద్య నేర్పే పాఠశాల తెరిచారు. ఇప్పుడది విశ్వవిద్యాలయం.

మేరీ బ్రెకిన్‌రిడ్జ్ 1965 మే 16న, ఎనభై నాలుగేళ్ళ వయసులో, తాను 1925లో కొండ వాలున కట్టించుకున్న వెండోవర్ అనే దుంగల ఇంట్లో కన్నుమూశారు. లెక్సింగ్టన్ నగరంలో ఆమెను సమాధి చేశారు. పదేళ్ళ తరువాత హైడెన్‌లో కట్టిన కొత్త ఆసుపత్రికి ఆమె పేరు పెట్టారు.