మన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినని వారు మన పెన్షనర్లలో ఉండరు. ఆయన వైద్యలోకానికి చెందిన వారని అందరికీ తెలుసు. భూసార పరీక్షా కేంద్రంలో పనిచేసి రిటైరైన నాకు మాత్రం, ఆయన మట్టికీ మొక్కకూ కూడా దగ్గరి చుట్టంగా తోస్తారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించి సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యారు, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను పొట్టన పెట్టుకుంది. అదే జబ్బు తనకు సోకినప్పుడు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెబుతూ, మన మందుల గుణాన్ని ఆధునిక శాస్త్రంతో తేల్చాలని ఆశించారు.

1922లో భార్య శేషగిరి గారిని ఇక్కడే ఉంచి అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రి పని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. నీలిరంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరం ఎంతో చెప్పవచ్చు. పొలం మట్టిలో భాస్వరం చూడటానికి మేము వాడిన పద్ధతీ ఈ కోవలోనిదే.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు పాలకూర నుంచి ఒక విటమిన్ తీసి, ఆకుకు లాటిన్ పేరును బట్టి ఫోలిక్ ఆమ్లం అన్నారు. దానిని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది సుబ్బారావు గారి బృందం. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందయింది! ఆయన ఆధ్వర్యంలోనే బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. 1948లో వెలువడిన ఆరియోమైసిన్‌కు మూలమైన సూక్ష్మజీవి, మిస్సోరీ విశ్వవిద్యాలయం వారు 1888 నుంచి పంట మార్పిడి, ఎరువుల ప్రయోగాలు సాగిస్తున్న పొలంలోని గడ్డి మడి మట్టిలో దొరికినదే. డాక్టర్ డగ్గర్ దానిని గుర్తించారు.

అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ళకే, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. మళ్ళీ స్వదేశం చూడలేదు; శేషగిరి గారి ఎదురుచూపు ఫలించలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన తపాలా బిళ్ళ విడుదల చేసింది.

గర్భిణిగా ఉన్న మన కోడలో కూతురో ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకునేటప్పుడు, దాని వెనుక భీమవరం బిడ్డ శ్రమ ఉందని పెద్దలమైన మనమే చెప్పాలి.