కానుగ వేళ్ళ కెమిస్ట్రీ

మా సిక్కోలులో కానుగ చెట్టు తెలియనివాళ్ళు ఉండరు. తాతయ్య కానుగ పుల్లతోనే పళ్ళు తోముకునేవారు. ఆ చెట్టు వేళ్ళలో దొరికిన ఒక పదార్థానికి సైన్సులో కానుగిన్ అనే పేరుందని మాత్రం నాకు ఈమధ్యే తెలిసింది. దాన్ని వేరుచేసింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి గారు, ఆయనతో పనిచేసిన పరిశోధకులు.

శేషాద్రి గారు 1900లో కావేరి ఒడ్డున కుళిత్తలైలో పుట్టారు. మద్రాసులో చదువుకుని, మాంచెస్టర్ వెళ్ళి రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. ఆ రాబిన్సన్‌కి 1947లో నోబెల్ వచ్చింది. అలాంటి ల్యాబు చూసొచ్చిన మనిషి 1930ల్లో వాల్తేరు వచ్చి, కొత్త యూనివర్సిటీలో కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటుని పెంచారు. అప్పటికి విజయనగరం కూడా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది.

విద్యార్థులకి ఆయన ఇచ్చిన పని మన పెరట్లోదే. పత్తి పూలు, కానుగ వేళ్ళు. వేరుని దంచి, ద్రావణిలో నానబెట్టి, స్ఫటికాలు వచ్చేదాకా ఆగాలి. వచ్చినదాన్ని ముక్కలుగా విడగొట్టి, నిర్మాణం ఊహించి, అదే పదార్థాన్ని ల్యాబులో తయారుచేసి పోల్చి చూడాలి. జవాబు ముందే ఎవరికీ తెలీదు, గురువుకి కూడా. కాబట్టి తన కళ్ళని తను నమ్మడం విద్యార్థికి తప్పదు.

1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. యూనివర్సిటీ గుంటూరుకి తరలింది. అయినా పరిశోధన ఆగలేదు. 1949లో ఆయన ఢిల్లీ యూనివర్సిటీకి వెళ్ళారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, 1963లో పద్మభూషణ్ వచ్చింది. 1975లో చనిపోయారు.

ఇది చదివాక నాకు ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబు గుర్తొచ్చింది. నీటి కాఠిన్యం ప్రయోగం. నా బ్యూరెట్‌లో 14.2 వచ్చింది. చేతిలో ఉన్న సీనియర్ రికార్డులో 12.6. నాది కొట్టేసి 12.6 రాశాను. మార్కులు ఫుల్ వచ్చాయి.

మా బోరు నీళ్ళు మారాయో, నా చెయ్యి తప్పిందో, సీనియర్ కూడా ఇంకెవరిదో చూసి రాశాడో! ఇంకోసారి చేసుంటే పది నిమిషాల్లో తేలేది. ఇప్పుడు కంప్యూటర్ ల్యాబులో ప్రోగ్రాం అవుట్‌పుట్ పక్కవాడిదానితో కలవకపోతే, ముందు నాది చెరపడం మానేశాను.