మూడుసార్లు లెక్కలు తప్పినవాడి కారు

ఎమ్-వన్ మూడోసారి కూడా పోయినప్పుడు, హాస్టల్లో ఒక సీనియర్ నన్ను ఓదారుస్తూ అలెక్ ఇసిగోనిస్ కథ చెప్పాడు. మినీ కారు డిజైన్ చేసిన మనిషి కూడా లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పాడట. నాలుగో సప్లీలో ఎలాగో గట్టెక్కాను గానీ, ఆ ఒక్క ముక్కని మాత్రం వదల్లేదు. ఐడియా ఉంటే చాలు, లెక్కలు ఎవరో ఒకరు చేస్తారులే అనుకుంటూ తిరిగాను. కథలో మిగతా సగం తెలియడానికి బర్మింగ్‌హామ్ వెళ్లి, ఒక పాత మినీ కింద వెల్లకిలా పడుకోవాల్సి వచ్చింది.

ఎమ్మెస్ చదువుతూ ఒక రిటైరైన పెద్దాయన ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. ఆయన షెడ్డులో 1966 నాటి మినీ ఉంది. మన దగ్గర లారీలకి, ఆటోలకి ఎఫ్‌సీ చేయించినట్టే, అక్కడ మూడేళ్లు నిండిన సొంత కార్లకి కూడా ఏటా పరీక్ష ఉంటుంది. దాన్ని ఎమ్‌వోటీ అంటారు. 1960లో మొదలైంది. 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేమీ చేయని కార్లకి 2018 నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే ఈ మినీకి పరీక్ష అక్కర్లేదు. అయినా పెద్దాయన ఏటా చేయిస్తాడు. ఆయన మోకాళ్లు వంగవు కాబట్టి ఆ ఏడు కారు కిందకి దూరే పని నాకు పడింది.

ముందు నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు కొలవమన్నాడు. చక్రం మధ్య నుంచి పైన ఉన్న రేకు అంచు వరకు టేపు పెట్టి చూశాను. కుడివైపు రెండూ సరిగ్గా ఉన్నాయి. ఎడమవైపు ముందుదీ వెనకదీ రెండూ కిందకి దిగి ఉన్నాయి. రెండు స్ప్రింగులు ఒకేసారి ఎలా పోయాయా అని ఆశ్చర్యపోయాను. ఆ కారులో అసలు స్ప్రింగులే లేవని అప్పుడు తెలిసింది.

ఇక్కడ ఇసిగోనిస్ గురించి కాస్త చెప్పాలి.

ఆయన 1906లో స్మిర్నాలో పుట్టాడు. ఇప్పుడు ఆ ఊరు టర్కీలోని ఇజ్మీర్. తండ్రి బ్రిటిష్ పౌరసత్వం ఉన్న గ్రీకు, ఓడల ఇంజన్ల వ్యాపారం. తల్లి జర్మన్. 1922లో యుద్ధం ఊరిదాకా వచ్చేసరికి ఉన్నదంతా వదిలేసి బ్రిటిష్ వాళ్ల ఓడలో మాల్టా చేరారు. కొద్దికాలానికే తండ్రి పోయాడు. తల్లీకొడుకులు ఇంగ్లండ్ వచ్చి పడ్డారు. లండన్‌లో బాటర్సీ పాలిటెక్నిక్‌లో చేరిన కుర్రాడు డ్రాయింగులో దిట్ట, లెక్కల్లో మాత్రం మూడుసార్లు ఫెయిల్. లెక్కలు సృజనకి శత్రువులని ఆయన చివరిదాకా నమ్మాడు.

1936లో మోరిస్ కంపెనీలో చేరాడు. ఖాళీ సమయాల్లో మిత్రుడు జార్జ్ డౌసన్‌తో కలిసి చేత్తోనే ఒక చిన్న రేసు కారు కట్టాడు. దాని సస్పెన్షన్లో కూడా రబ్బరే. 1948లో ఆయన డిజైన్ చేసిన మోరిస్ మైనర్ వచ్చింది. నమూనా మరీ సన్నగా ఉందనిపించి, దాన్ని నిలువునా మధ్యకి కోయించి, రెండు సగాల్నీ దూరం జరిపి చూసి, నాలుగు అంగుళాల వెడల్పు పెంచాడు. కొలత కాగితం మీద కాదు, కంటితో తీసుకునే మనిషి అన్నమాట.

1956లో సూయెజ్ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలుకి రేషన్ వచ్చింది. బీఎమ్‌సీ అధిపతి లెనార్డ్ లార్డ్ వెంటనే ఒక బుల్లి కారు కావాలన్నాడు. 1959 ఆగస్టులో మినీ వచ్చేసింది. పొడవు పది అడుగులు, చక్రాలు పది అంగుళాలు, ఇంజన్ అడ్డంగా, గేర్‌బాక్స్ దాని కిందే. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇంజన్ అడ్డంగానే ఉంటుంది.

చిన్న కారుకి ఒక పెద్ద చిక్కుంది. మినీ బరువు సుమారు 600 కిలోలు. నలుగురు ఎక్కితే ఇంకో 300 కలుస్తాయి. ఖాళీ కారుకి మెత్తగా ఉండే స్ప్రింగు నలుగురు ఎక్కితే కుంగిపోతుంది, నలుగురికి సరిపోయే స్ప్రింగు ఒక్కడు నడిపితే నడుం విరగ్గొడుతుంది. దీనికి విరుగుడు అలెక్స్ మౌల్టన్ దగ్గర దొరికింది. ఈయన కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదివినవాడు, ఇంట్లో తరాల నాటి రబ్బరు వ్యాపారం. నొక్కేకొద్దీ గట్టిపడే రబ్బరు కోన్‌ని ఆయన తయారుచేశాడు. తర్వాత 1964లో మినీకి హైడ్రోలాస్టిక్ వచ్చింది. ఇందులో రబ్బరుకి నీళ్లు, ఆల్కహాల్ కలిసిన ద్రవం తోడు. ఒక్కోవైపు ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ ఒక గొట్టం కలుపుతుంది. ముందు చక్రం గతుకెక్కితే ద్రవం వెనక్కి తోసుకెళ్లి వెనకభాగాన్ని కూడా లేపుతుంది. కారు తల ఊపకుండా చదునుగా పోతుంది. అందుకే ఒకచోట కారినా ఆ వైపు మొత్తం కుంగుతుంది.

మా కారు కారుతున్న చోటు వెతకడానికి కిందంతా బ్రష్షుతో తోమాను. వెనక గొట్టం జాయింటు దగ్గర చెమ్మ కనపడింది. దాని పక్కనే సబ్‌ఫ్రేమ్ మీద నల్ల తారు పూత కొంచెం ఉబ్బి ఉంది. స్క్రూడ్రైవరుతో తట్టి చూస్తే మొన సగందాకా లోపలికి దిగిపోయింది. లోపలంతా తుప్పు.

నిజం చెప్తున్నా, ఒక్క నిమిషం ఆ పూత మళ్లీ రాసేద్దామనిపించింది. ఆ కారుకి పరీక్షే అక్కర్లేదు. ఆ వేసవి మీద పెద్దాయన ఎంత ఆశ పెట్టుకున్నాడో నాకు తెలుసు. కానీ ఆ చక్రం వేలాడేది ఆ ఇనుము మీదే. సస్పెన్షన్ బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపు అలాంటి తుప్పుంటే పరీక్షలో ఫెయిల్ చేస్తారు. బయటికొచ్చి చెప్పేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కారు మీద గుడ్డ కప్పి లోపలికెళ్లిపోయాడు.

సబ్‌ఫ్రేమ్ మార్చాలంటే ముందు ద్రవం తీసేయాలి. తర్వాత మళ్లీ పంపుతో ఒత్తిడి పెట్టాలి. ఆ పంపు ఉన్న గ్యారేజీలు తక్కువ. పని అయ్యేసరికి వేసవి అయిపోయింది. అక్టోబరులో కారు పరీక్ష పాసైంది.

ఆ ఎదురుచూపుల్లో పెద్దాయన పుస్తకాలు తిరగేస్తుంటే మిగతా సగం కథ తెలిసింది. ఇసిగోనిస్ గీసిన చేతి బొమ్మల్ని కొలతలున్న డ్రాయింగులుగా మార్చినవాడు జాక్ డేనియల్స్. సస్పెన్షన్ మౌల్టన్‌ది. ఒంటి చేత్తో చేసింది కాదు. లోపాలూ ఉన్నాయి. మొదటి మినీల్లో నేల రేకుల అతుకు తప్పు దిక్కున ఉండి, వానొస్తే నీళ్లు లోపలికొచ్చేవి. ఆయన మేధావే, కానీ ఇతరుల మాట చెవిన పెట్టే రకం కాదు. 1969లో సర్ బిరుదు వచ్చింది. మినీకి బదులుగా గీసిన కొత్త కారు మాత్రం తయారీకి నోచుకోలేదు. పెళ్లి చేసుకోలేదు, తల్లి బతికున్నంతకాలం ఆమెతోనే ఉన్నాడు. 1988లో బర్మింగ్‌హామ్‌లోనే పోయాడు. మినీ మాత్రం 2000 దాకా తయారైంది, 50 లక్షలు దాటింది.

ఆ సెమిస్టర్‌లో వైబ్రేషన్స్ సబ్జెక్టు మానేసి తేలికైనదేదో తీసుకుందామని ఫారం నింపి పెట్టుకున్నాను. దాన్ని ఇవ్వలేదు. వైబ్రేషన్స్ రాశాను, బొటాబొటి మార్కులతో పాసయ్యాను. మీలో ఎవరికైనా ఎమ్-వన్ పోయి ఉంటే ఇసిగోనిస్ కథ తప్పకుండా చెప్పుకోండి. కాకపోతే డేనియల్స్ పేరు, మౌల్టన్ పేరు కూడా కలిపి చెప్పుకోండి.