తోడేలుతో నిబంధన



బైబిల్లో తోడేలుకు మంచి పేరు లేదు. అబద్ధ ప్రవక్తలను ప్రభువు గొర్రె తోలు కప్పుకున్న తోడేళ్లతో పోల్చాడు. జీతగాడు తోడేలును చూసి మందను విడిచి పారిపోతాడన్నాడు. అయితే అదే తోడేలు గొర్రెపిల్లతో కలిసి ఉండే దినాన్ని యెషయా ముందుగా చూశాడు. అస్సీసీ ఫ్రాన్సిస్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది ఒక తోడేలే. మన సంఘాల్లో పరిశుద్ధులకు ప్రార్థించే అలవాటు లేదు గానీ, ఆయన జీవితం తెలుసుకోవడానికి అది అడ్డు కాకూడదు.

ఇటలీలోని అస్సీసీలో సుమారు 1181లో ఒక బట్టల వ్యాపారి ఇంట ఆయన పుట్టాడు. డబ్బుకు కొదవ లేదు, స్నేహితులకు విందులు చేయడమంటే సరదా. 1202లో పక్క పట్టణమైన పెరూజియాతో జరిగిన యుద్ధానికి వెళ్లి, పట్టుబడి, దాదాపు సంవత్సరం చెరలో ఉన్నాడు. తిరిగొచ్చాక జబ్బుపడ్డాడు. కుష్ఠరోగులంటే ఆయనకు విపరీతమైన అసహ్యం. ఒకనాడు దారిలో ఎదురైన కుష్ఠరోగిని గుర్రం దిగి ముద్దుపెట్టుకున్నాడు. తన మారుమనస్సు కుష్ఠరోగుల మధ్యనే మొదలైందని మరణానికి ముందు వ్రాయించిన మాటల్లో ఆయనే ఒప్పుకున్నాడు.

పాడుబడిన గుడి బాగుచేయడానికి తండ్రి కొట్టులోని బట్టలు అమ్మేశాడు. తండ్రి ఊరుకోలేదు, బిషప్పు దగ్గరకు ఈడ్చాడు. కొడుకు డబ్బుతో పాటు ఒంటిమీది బట్టలు కూడా విప్పి తండ్రి ముందు పెట్టాడు. అక్కడినుండి వెళ్తుంటే దొంగలు కొట్టి మంచు గుంటలో పడేశారు. చివరికి గుబ్బియో అనే పట్టణం చేరితే, పాత స్నేహితుడొకడు ఒక అంగీ ఇచ్చాడు. ఆ ఊరి పేరు గుర్తుంచుకోండి.

తర్వాతి కాలంలో అదే గుబ్బియోను ఒక తోడేలు పట్టి పీడించిందట. మొదట పశువులను, తర్వాత మనుషులను చంపింది. జనం ఆయుధం లేకుండా ఊరు దాటేవారు కాదు. వద్దన్నా వినక ఫ్రాన్సిస్ బయటికి వెళ్లాడు. నోరు తెరిచి మీదికొచ్చిన దానిని సహోదరుడని పిలిచాడు. దాని నేరాలేవీ దాచలేదు. దేవుని స్వరూపంలో చేయబడిన మనుషులను చంపినందుకు అది మరణానికి తగినదని చెప్పాడు. అయితే ఆకలే ఇంత పని చేయించిందని కూడా తెలుసన్నాడు. ఊరివారు నీకు తిండి పెడతారు, నీవు ఎవరికీ హాని చేయకూడదని షరతు పెట్టాడు. అది పంజా ఎత్తి ఆయన చేతిలో పెట్టింది.

ఊరివారినీ ఆయన వదల్లేదు. తోడేలు నోటికంటే నరకపు నోటికి భయపడి మారుమనస్సు పొందమని బోధించాడు. ఆ తర్వాత రెండేళ్లు అది ఇంటింటికీ తిరిగి తిన్నది, ఒక్క కుక్క కూడా మొరగలేదు. ముసలిదై చనిపోతే ఊరు దుఃఖపడింది. ఇల్లిల్లూ తిరిగి అడుక్కుతినడం ఫ్రాన్సిస్ బ్రతుకు కూడా. తాను తిన్న రొట్టెనే తోడేలుకూ ఇప్పించాడు.

ఇది నిజంగా జరిగిందా? ఈ కథ ఆయన పోయిన నూరేళ్ల తర్వాత కూర్చిన పుస్తకంలో ఉంది. ఆయన్ని ఎరిగి చరిత్ర వ్రాసిన చెలానో తోమాసు గుబ్బియో తోడేలు మాట ఎత్తలేదు. గ్రెచ్చో గ్రామాన్ని బాధించిన తోడేళ్ల గురించి మాత్రం వ్రాశాడు. 1223లో ఫ్రాన్సిస్ పశువుల తొట్టె పెట్టి క్రిస్మస్ జరిపింది ఆ గ్రెచ్చోలోనే. మన చర్చిల్లో డిసెంబరులో వేసే పాకకు మూలం అదే.

తోడేలు సంగతి ఎలా ఉన్నా, 1219లో జరిగినదాన్ని ఆ కాలపువారే వ్రాశారు. ఐగుప్తులో దమియెట్టా దగ్గర క్రైస్తవ సైన్యానికీ సుల్తాను మలిక్ అల్ కామిల్ సైన్యానికీ యుద్ధం. ఫ్రాన్సిస్ ఒక సహోదరుణ్ణి వెంటబెట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా అవతలి శిబిరానికి వెళ్లి సువార్త చెప్పాడు. సుల్తాను మతం మారలేదు, యుద్ధమూ ఆగలేదు. కానీ శ్రద్ధగా విని క్షేమంగా తిప్పి పంపాడు. రెండేళ్లకు తన సహోదరుల కోసం వ్రాసిన నియమావళిలో, ముస్లిముల మధ్యకు వెళ్లేవారి అధ్యాయాన్ని తోడేళ్ల మధ్యకు పంపబడే గొర్రెల వాక్యంతోనే మొదలుపెట్టి, వారితో జగడమాడవద్దని ఆజ్ఞాపించాడు.

ఐగుప్తునుండి కంటి జబ్బుతో తిరిగొచ్చాడు. చూపు దాదాపు పోయింది. వైద్యులు కాల్చిన ఇనుముతో కణతకు వాత పెట్టబోతే, ఆ నిప్పును కూడా సహోదరుడా అని పిలిచి, తనమీద కాస్త దయ చూపమని అడిగాడు. 1226 అక్టోబరు 3 సాయంకాలం అస్సీసీ దగ్గర కన్నుమూశాడు. అంతకుముందే తనను వట్టి నేలమీద పడుకోబెట్టమని కోరాడు, సహోదరులు అలాగే చేశారు.